దీర్ఘం కనబడని వారం

మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. తాళి తెగితే పెరిగిందంటాం. గుమ్మం దాటేవాళ్ళు 'పోతాను' అంటే మా అమ్మ వెనక్కి పిలిచి, మంచినీళ్ళు తాగించి, 'పోయొస్తా' అనిపించి మరీ పంపేది. తథాస్తు దేవతలు ఇళ్ళ మీదుగా తిరుగుతుంటారని, మనం నోరు జారితే ఆ మాటకే తలూపేస్తారని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. ఈ భయాలన్నిటినీ నవ్వుకుంటూనే మూటగట్టుకుని నేను కదిరి నుంచి బెంగళూరుకు కాపురానికి వచ్చాను. ముప్పై ఏళ్ళు దాటింది. మూట ఇంకా విప్పలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మేము నోటితో అనని మాటల్లో ఒకదాన్ని మా ఆయన లాప్‌టాప్ వారం రోజుల పాటు పట్టపగలు నాకు రాసి చూపించింది.

మా ఆయన పీణ్య ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే గనక ఇంటికొచ్చినా అదే గొంతు. చారులో ఉప్పు తక్కువైందంటే వీధి చివర దర్జీ తలెత్తి చూసేవాడు. "నిదానంగా మాట్లాడప్పా, నేనేమన్నా మిషనా?" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. రెండేళ్ళ కిందట ఆ గొంతులోనే గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. ఇప్పుడు ఊపిరి మెడ కింద చేసిన రంధ్రం గుండా ఆడుతుంది. దాని మీద తెల్లటి గుడ్డ కట్టుకుంటాడు. మెడకు ఆనించుకుని మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఆస్పత్రిలో ఇప్పించారు. ఒకే ఒక్కసారి దాన్ని ఆనించుకుని నన్ను పిలిచాడు. వంటింట్లో ఉన్న నేను ఎవరో పరాయివాడు ఇంట్లో దూరాడనుకుని గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఆయన నా మొహం చూసి, దాన్ని బీరువా సొరుగులో పెట్టేశాడు. మళ్ళీ తియ్యలేదు. ఆ రోజు నేను భయపడకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

రాసి చూపిస్తే సరిపోతుంది కదా అంటారు. మా ఇంటి తమాషా అక్కడే ఉంది. ఆయన వాళ్ళది మూడు తరాల కిందట బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆయన రాయడం, చదవడం నేర్చింది కన్నడంలోనే. నేను పదో తరగతి దాకా తెలుగులో చదివినదాన్ని. కన్నడం గడగడా మాట్లాడతాను గాని చదవమంటే బస్సు బోర్డు దాటి ముందుకు పోలేను. ముప్పై ఏళ్ళలో ఒకరికొకరం ఒక్క చీటీ రాసుకున్నవాళ్ళం కాదు. అంత గొంతు ఉండగా చీటీలతో పనేముంది? అది పోయాక గాని తెలియలేదు, మేమిద్దరం ఒకరి రాత ఒకరు చదవలేని మొగుడూపెళ్ళాలమని.

దేవనహళ్ళి వైపు ఉద్యోగం చేసే మా కూతురు దారి చూపించింది. తన పాత లాప్‌టాప్ తెచ్చి అందులో ఒక టెక్స్ట్ ఎడిటర్ పెట్టింది. హంగూ ఆర్భాటం ఏమీ లేని తెల్ల కాగితం లాంటిది. మాట ఎలా పలుకుతామో అలా ఇంగ్లీషు కీలు కొడితే తెర మీద గారెలంత తెలుగు అక్షరాలు వస్తాయి. దీర్ఘం కావాలంటే 'ఏ' కీ రెండుసార్లు కొట్టాలి. ఆయనకు తెలుగు లిపి రానక్కర్లేదు, మాట తెలిస్తే చాలు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే గనక తంటాలు పడితే కూడబలుక్కోగలడు గాని, అంత ఓపిక ఆయనకు ఏనాడూ లేదు. కీల మీదే చూపు పెట్టి, ఒక్క చూపుడువేలితో మేకులు దిగ్గొట్టినట్టు కొట్టి, తెరను నా వైపు తిప్పుతాడు. నేను చదివి నోటితో జవాబు చెబుతాను. నన్ను పిలవాలంటే పాత స్పానర్‌తో కుర్చీ ఇనుప కాలి మీద ఒక్క దెబ్బ. అలా సగం రాతగా, సగం మాటగా మా సంసారం మళ్ళీ దారిన పడింది.

మాకు కొత్తకాపురం నాటి అలవాటు ఒకటుంది. మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వంటింటికీ వీధి గదికీ మధ్య రెండు గదులు. పోపు వేస్తూనో, కూర తరుగుతూనో నేను కేకేస్తాను, "ఏమప్పా, ఉండావా?" అని. ఆయన అక్కణ్ణుంచే "ఉండాను!" అని అరిచేవాడు. పనేమీ ఉండదు, ఊరికే. ఇక్కడి మా మాటలో ఉండాను అంటే ఉన్నాను అని. గొంతు పోయాక కూడా నేను ఆ కేక మానలేదు. స్పానర్ ఠంగుమనేది. చేతులు తుడుచుకుంటూ వెళ్ళేసరికి తెర మీద ఒకే మాట ఉండేది: ఉండాను.

ఆ మాటలో దీర్ఘం పోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు.

దీర్ఘాలతో ఆయనకు మొదట్లోనే పేచీ వచ్చింది. ఒకరోజు పాలు తాగాను అని రాయబోయి, రెండో దెబ్బ మరిచి పాలు తాగను అని రాశాడు. ఎందుకు తాగవని నేను ఎగిరెగిరి పడి ఇంకో గ్లాసు తెచ్చి దగ్గరుండి తాగించాను. ఆయన అది కూడా తాగేసి, అప్పటికే ఖాళీ చేసిన మొదటి గ్లాసును నా ముందు బోర్లించి చూపించాడు. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు భుజాల్లో తప్ప ఇంకెక్కడా తెలియదు. అప్పటి నుంచి ఎక్కడ దీర్ఘం తగ్గినా కీ తప్పిందిలే అని నవ్వుకోవడం నాకు అలవాటైంది.

ఆ సోమవారం పొద్దున నేను పనికి బయల్దేరబోతుంటే తెర మూల చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అప్‌డేట్ పూర్తయిందని అందులో రాసి ఉంది. నేను కళ్ళజోడు తగిలించుకునేలోగా దానంతట అదే పోయింది. తెల్ల కాగితం ఇంకొంచెం తెల్లబడింది. అక్షరాలు కాస్త సన్నబడ్డాయి. బాగానే ఉందనుకున్నాను.

నేను బళేపేటలో గాజుల టోకు అంగడిలో పనిచేస్తాను. సైజుల వారీగా గాజులు ఏరి, డజన్లు కట్టడం నా పని. పదకొండుకు పోయి నాలుగుకు వస్తాను. ఆ రోజు సాయంత్రం వచ్చి స్టవ్ వెలిగించి ఎప్పటిలా కేకేశాను. స్పానర్ మోగింది. వెళ్ళి చూస్తే తెర మీద, ఉండను.

నవ్వొచ్చింది. ఏ కీ ఒకసారే కొట్టాడు మహానుభావుడు అనుకుని కాఫీ కలపడానికి వెళ్ళిపోయాను.

మంగళవారం పొద్దున మళ్ళీ ఉండను. దాని కింద, పాపతో మాట్లాడను. వీడియో కాల్‌లో కూతురు మాట్లాడుతుంటే ఈయన తల ఊపడమో, రాసి చూపించడమో చేస్తాడు. దాన్నే మాట్లాడడం అంటాం. పిల్ల ఏం చేసిందని? "ఏమైందప్పా?" అని అడిగాను. ఏమీ లేదని చెయ్యి ఊపి హాయిగా నవ్వాడు. ఆ నవ్వుకూ తెర మీది మాటకూ పొత్తు కుదరలేదు. సాయంత్రం మెడ తడుముకుంటూ ఇంకో మాట రాశాడు: నొప్పి ఉండది. ఉండదు అని రాయబోయి కొమ్ముకు బదులు గుడి పెట్టాడనుకున్నాను. నొప్పి ఉండదట. పోనీలే, తగ్గిందన్నమాట, అని మాత్ర తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. ఆయన నన్నే చూస్తూ కూచున్నాడు.

రాత్రి పక్క మీద వాలాక ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. ఉండను. నొప్పి ఉండదు. లేచి కూచున్నాను.

అడగొచ్చు కదా అంటుంది మా కూతురు ఇప్పుడు. ఎలా అడగను? అడగాలంటే ఆ మాట నా నోటితో అనాలి. ఆయన గురించి, మా ఇంట్లో నిలబడి, నేను అనాలి. బియ్యం అయిపోయాయని కూడా అనలేనిదాన్ని. చుట్టూ తిరిగి అడిగాను. "నువ్వు రాసేది నిజమేనా అప్పా?" అన్నాను బుధవారం పొద్దున. ఇదేం ప్రశ్న అన్నట్టు కనుబొమలెగరేసి, నిజమేనని తలూపాడు. "బాగా ఆలోచించుకునే రాస్తాండావా?" అన్నాను. మళ్ళీ తలూపి, నా తల మీద చిన్నగా మొట్టికాయ వేశాడు. ఆ ప్రేమ చూసి నాకు ఇంకా భయం వేసింది. అన్నీ తేల్చుకున్నవాడి నిదానంలా కనబడింది.

ఆ రోజు అంగడిలో నా చేతిలో గాజు పుటుక్కుమంది. రోజూ రెండు మూడు చిట్లుతాయి, గాజుల పని అంటేనే అంత. ఆ రోజు మాత్రం ఆ ముక్కలు ఏరలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి, కట్టాల్సిన గాజుల పెట్టె ఇంటికే తెచ్చుకుంటానని అడిగి, మధ్యాహ్నానికే వచ్చేశాను.

వచ్చినట్టు చెప్పలేదు. చెప్పులు మెట్ల మీదే విడిచి, నడిమి గదిలో గుమ్మం పరదా వెనక నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని దొంగలా చూడడం సిగ్గుచేటే, అయినా చూశాను. కిటికీలోంచి ఎండ నేరుగా ఆయన మీద పడుతోంది. లేత్ ముందు వంగినట్టే కీల మీదికి వంగి ఉన్నాడు. వీపు అడ్డంగా ఉంది గనక చేతులు కనబడలేదు, భుజం పక్కనుంచి లాప్‌టాప్ తెర కనబడింది. నేను లేని ఇంట్లో, నేను కేకెయ్యకుండానే, ఆయన ఆ మాటే రాస్తున్నాడు. ఉ వచ్చింది. ండ వచ్చింది. దాని పక్కన దీర్ఘం లేచింది. నా కళ్ళతో చూశాను, డా అని స్పష్టంగా వచ్చింది. రెప్పపాటు నిలబడి, బల్లి తోక సందులోకి దూరినట్టు చటుక్కున వెళ్ళిపోయింది. డ మిగిలింది. తర్వాత ను వచ్చింది.

కీ తప్పలేదు. అలవాటు కొద్దీ ఉండాను అని మొదలుపెట్టి, తెలిసి తెలిసి ఆ దీర్ఘాన్ని తనే చెరిపేశాడు. నాకు అలాగే అర్థమైంది. ఇంకోలా అర్థం చేసుకోవడానికి నాకేం తెలుసు?

నేను అక్కడి గోడకు ఆనుకున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. కీల టకటక తప్ప ఇంకే చప్పుడూ లేదు. అక్కడ కూచున్నది ఆయనేనా అని ఒక పిచ్చి అనుమానం వచ్చింది. మెడకు ఆనించిన యంత్రంలోంచి ఆనాడు వచ్చిన పరాయి గొంతు గుర్తొచ్చింది. వాడు సొరుగులోంచి లేచి ఈ తెరలోకి వచ్చాడా? మా ఆయన వేలు పట్టుకుని వాడి మాట వాడు రాసుకుంటున్నాడా? పట్టపగలు, ఇంత పెద్దదాన్ని, నేను అలా ఆలోచించాను. ఆ సాయంత్రమే మేడ తాళంచెవి తీసి నా బొడ్లో దోపుకున్నాను. మాత్రల డబ్బాతో సహా ఇంట్లో దాచాల్సినవన్నీ దాచాను.

గురువారం పనికి పోలేదు. మోకాలు నొప్పి అని అబద్ధం చెప్పి వీధి గదిలోనే చాప పరుచుకుని గాజుల పెట్టె ముందేసుకున్నాను.

పదకొండు గంటలకు పీణ్య నుంచి పాత స్నేహితులు ఇద్దరు వచ్చారు. నోరు లేనివాడికి చెవులు కూడా ఉండవనుకుంటారో ఏమో, ఈయనతో అందరూ అరిచి మాట్లాడతారు.

"ఏమప్పా, ఎట్లుండావు?" అని అరిచాడు ఒకాయన. "నీ మిషన్ ఎత్తేసిరి కదా! కొత్తది వచ్చుండాది, కంప్యూటర్ది. బటన్ ఒత్తితే చాలు, దాని పాటికి అదే తిరుగుతాది."

"పాతదాన్ని పాత ఇనుము కొనే గుజిరికి ఏసేసిరి," అన్నాడు రెండో ఆయన. "బేజారు చేసుకోవద్దు. నువ్వేమన్నా మళ్ళా వచ్చేది ఉండాదా, సుమ్నే, ఊరికే చెప్తాండాము."

వాళ్ళు మంచివాళ్ళే. పళ్ళు తెచ్చారు, కాఫీ తాగారు, వెళ్ళారు. ఆయన వాళ్ళను గుమ్మం దాకా సాగనంపి వచ్చి కుర్చీలో కూచున్నాడు. చూపుడువేలితో ఇంకో చేతి మీద గుండ్రంగా రాసుకుంటూ ఉండిపోయాడు. ఇరవై ఆరేళ్ళు ఆ మిషన్ చక్రం తిప్పిన వేలు అది.

నేను కాఫీ గ్లాసులు కడగడానికి వంటింట్లోకి వెళ్ళి, ఉండబట్టలేక కేకేశాను. "ఏమప్పా, ఉండావా?"

స్పానర్ మోగలేదు. కుళాయి కట్టేశాను. అప్పటికీ మోగలేదు. చేతిలో గ్లాసుతోనే పరుగెత్తబోతుండగా ఠంగుమంది. వెళ్ళేసరికి తెర నా వైపే తిప్పి ఉంది. ఉండను. సోమవారం నుంచి చూస్తున్న మాటే.

నేను చదివి ఆయన కుర్చీ కాళ్ళ దగ్గర చాప మీద కూచుని గాజులు కట్టడం మొదలుపెట్టాను. ఆయన తెర తన వైపు తిప్పుకుని ఇంకో మాట రాశాడు. నువ్వు బళేపేటకు పోయి రా, నాకేం కాదు.

"మోకాలు నొప్పిగా ఉండాది, పోను," అన్నాను.

కాసేపటికి మళ్ళీ స్పానర్. కొత్తిమీర అయినా తెచ్చుకో.

"ఉండాది ఇంట్లో." లేదు, అబద్ధం.

మూడోసారి ఏమీ రాయలేదు. చేత్తో వీధి వైపు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపి, ఒక డజను కట్టి పక్కన పెట్టి, ఇంకో డజను అందుకున్నాను. కుళ్ళబొడిచినా కదిలేదాన్ని కాదు. మధ్యాహ్నం అన్నం అక్కడికే తెచ్చుకున్నాం. బాత్రూముకు వెళ్ళినా తలుపు తెరిచే పెట్టాను, ఆయన స్పానర్ కనబడేట్టు. పొద్దు వాలేదాకా మేమిద్దరం ఒకరికొకరం కాపలాదార్లలాగా కూచున్నాం. ఎండ చాప మీదికి వచ్చి, గాజుల మీదుగా పాకి, గోడ ఎక్కి పోయింది. ఐదు గంటలకు ఆయన చెయ్యి నా తల మీద పడింది. అలాగే పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోయాడు. మెడ వంచితే తల్లో పువ్వు నలుగుతుందన్నట్టు నేను కదలకుండా కూచున్నాను.

శుక్రవారం కూడా అలాగే గడిపాను. ఇలా ఎన్నాళ్ళు? శనివారం ఆయన స్నానానికి వెళ్ళగానే ధైర్యం చేసి తెరను ఫోటో తీసి కూతురికి పంపాను. నోటితో అనలేని మాటకు ఫోటో దిక్కయింది. పిల్ల వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, ఏందిది? నాన్న రాసినాడా?"

"చదువు. గట్టిగా చదవాకు."

"నొప్పి ఉండది... ఇదేం స్పెల్లింగ్? అమ్మా, డాక్టరు అని రాసిండేది చూడు, డక్టరు అని పడిండాది. నువ్వు ఫోటో వొద్దు. ఆ లైన్లన్నీ కాపీ చేసి నాకు మెసేజ్ పంపు. నేర్పించినాను కదా."

నేర్పించింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, వేలు జారుతూ, లాప్‌టాప్‌లోంచి సోమవారం నుంచి ఉన్న రాత మొత్తం పంపాను. అదే మెసేజ్ నా ఫోన్‌లో కూడా పడింది. చూసి, ఫోన్ కింద పడేయబోయాను.

లాప్‌టాప్ మీద ఉండను అని ఉంది. పక్కనే ఫోన్‌లో, అదే వరుసలో, అదే మాట, ఉండాను అని ఉంది. అక్కడ పాపతో మాట్లాడను. ఇక్కడ పాపతో మాట్లాడాను. రెండు తెరలనూ మార్చి మార్చి చూశాను. ఒకే మనిషి ఒకేసారి రెండు గొంతులతో చెబుతున్నట్టుంది, ఒకటి ఉన్నానని, ఇంకొకటి ఉండనని.

ఫోన్‌లో మా కూతురు నవ్వుతోంది. "అమ్మా, అది అప్‌డేట్ ప్రాబ్లమ్. డ కు దీర్ఘమిస్తే స్క్రీన్ మీద రావట్లా, అంతే. నాన్న కొట్టింది లోపల కరెక్ట్‌గానే ఉండాది. చూపించేదే తప్పు. సుమ్నే భయపడినావు. రేపొచ్చి పాత వెర్షన్ పెడతాను."

ఆయన చెరిపింది కాదు. తెరే మింగింది. నేను నేల మీద కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా ఏడ్చాను. వెంటనే ఇంకో మాట గుచ్చుకుంది. నొప్పి ఉండాది. నాలుగు రోజులుగా నొప్పిగా ఉందని రాస్తుంటే నేను మాత్ర తీసి డబ్బాలో దాచాను. నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా ఆ పూట సంతోషమే పెద్దది. ఆయన ఉన్నానన్నాడు. వారమంతా ఉన్నానంటూనే ఉన్నాడు. ఆ మాటలన్నీ ఒక్కొక్కటే చదువుకోవాలనిపించి ఫోన్ పైకి జరుపుకుంటూ వచ్చాను. సోమవారం, ఉండాను. మంగళవారం, ఉండాను, ఉండాను. బుధవారం నేను పరదా వెనక నిలబడి చూసింది, ఉండాను. నేను లేనప్పుడు కూడా నాకోసం రాసి పెట్టుకున్నాడు.

గురువారం, ఉండను.

ఫోన్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశాను. పైన అన్నిటికీ దీర్ఘం ఉంది. కింద శుక్రవారం వాటికీ ఉంది. ఆ ఒక్కదానికే లేదు. దాని కింది వరుసలో, నువ్వు బళేపేటకు పోయి రా, నాకేం కాదు.

బాత్రూము తలుపు తీసిన చప్పుడైంది. తువ్వాలు భుజాన వేసుకుని, మెడ గుడ్డ సర్దుకుంటూ వచ్చి కుర్చీలో కూచున్నాడు. నా మొహం చూసి ఏమైందన్నట్టు గడ్డం ఎగరేశాడు. పాలు తాగను గుర్తొచ్చింది. కీ తప్పి ఉంటుంది, మళ్ళీ నవ్వుకుందాం అని నా మనసు ఎంత పీకిందో చెప్పలేను. ఫోన్ ఆయన ముందు పెట్టి, ఆ వరుస మీద వేలు పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అలాంటి మాట నోటితో అన్నాను.

"బేస్తవారం నువ్వు 'ఉండను' అని రాసినావప్పా. కీ తప్పిందా, నిజంగానే రాసినావా?"

ఆయన ఆ అక్షరాల వైపు చాలాసేపు చూశాడు. కన్నడం చదువుకున్న కళ్ళతో కూడబలుక్కున్నాడనుకుంటాను. తర్వాత లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, మేకులు కొట్టినట్టు కాకుండా, మెల్లగా రాశాడు. తెర నా వైపు తిప్పాడు.

తప్పలా.

ఆయన తెర మళ్ళీ తన వైపు తిప్పుకుని ఇంకో వరుస రాశాడు.

నువ్వు పోలా గదా.

మర్నాడు కూతురు వచ్చి పాత వెర్షన్ పెట్టింది. సోమవారం ముగ్గురం కలిసి ఆస్పత్రికి వెళ్ళాం. గొంతు డాక్టరునే కాకుండా మనసు చూసే డాక్టరును కూడా కలిశాం. ఇప్పుడూ నెలకోసారి కలుస్తున్నాం. నొప్పి తగ్గింది. పీణ్య స్నేహితులు మొన్న గుజిరీలో వెతికి ఆ పాత మిషన్ చేతిచక్రం ఒకటి తెచ్చిచ్చారు. ఆయన దాన్ని కుర్చీ పక్కన పెట్టుకున్నాడు.

ఆ అప్‌డేట్‌ను మా కూతురు ఇప్పటికీ తిట్టిపోస్తుంది. నేను తిట్టలేను. అది రాకపోయి ఉంటే వారమంతా తెర మీద దీర్ఘాలు సరిగ్గా ఉండేవి. గురువారం ఒక్కరోజు ఒక్క దీర్ఘం తగ్గి కనబడేది. నాకు తెలుసు, నేనేం చేసేదాన్నో. కీ తప్పాడు మహానుభావుడు అని నవ్వుకుని, గాజుల పెట్టె చంకన పెట్టుకుని, 'పోయొస్తానప్పా' అని బళేపేటకు వెళ్ళిపోయేదాన్ని. సరిగ్గా చూపించే తెర ఉంటే నేను ఆయన్ను పోగొట్టుకునేదాన్ని. ఈ ముక్క తల్చుకున్నప్పుడల్లా, పట్టపగలైనా సరే, వీపు మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టవుతుంది.

ఇప్పటికీ వంటింట్లోంచి కేకేస్తాను. స్పానర్ మోగుతుంది. చేతులు తుడుచుకుని వెళ్తాను. ఆయన తెర తిప్పుతాడు. నేను ముందు ఆయన పక్కన కూచుంటాను. ఆ తర్వాతే చదువుతాను.